మబ్బు అన్న మాట

సంచి అడుగున నల్లగుడ్డ పరిచింది అలివేలు. దాని మీద గాజు పలకలు బిగించిన చెక్క చట్రాలను, ఒక్కొక్కదానికి పాత చీర ముక్క చుట్టి, ఒకదానికొకటి తగలకుండా నిలువుగా పేర్చింది. పలకలకూ సంచి గోడకూ మధ్య జొన్నరొట్టెల మూట దోపింది. రొట్టెలు మెత్తన, బండి ఎంత కుదిపినా గాజుకు దెబ్బ తగలదని ఆమె ఆలోచన. పచ్చిమిరపకాయ తొక్కు ముంతకు మూతి కట్టి ఒక మూలన కూర్చోబెట్టింది. అన్నిటి మీదా గొంగడి మడిచి పెట్టింది. పెట్టినది మళ్ళీ తీసి, మడత విప్పి, లోపల ఇంత వాము పొట్లం కట్టి పెట్టి, మళ్ళీ మడిచింది.

మొగుడు గోపాలయ్య గడప మీద కూర్చుని దగ్గుతూ చూస్తున్నాడు. ఒక్క రాత్రి కోసం పోయేవాడికి ఇంత సంచి ఎందుకని అన్నాడు. ఇల్లు విడిచి పోయే మనిషికి సంచి సర్దేటప్పుడు అలివేలుకు నోరు పెగలదు. తండ్రి షోలాపూర్ మిల్లు పనికి పోయిన నాడు తల్లి కట్టిన మూట ఆమెకు ఇంకా కళ్ళకు కట్టినట్టే ఉంది. ఆ మూటా తిరిగి రాలేదు, తండ్రీ రాలేదు.

పోయిన వారం మనం ఈ గడప దగ్గరే ఆగాం. ఆ సంచిక అందని వాళ్ళ కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

యుద్ధం మొదలైన తర్వాత గద్వాల నేతగాళ్ల వీధికి నూలు రావడం సన్నగిల్లింది. యుద్ధం నాలుగో ఏడు దసరా దాటేసరికి పూర్తిగా నిలిచిపోయింది. పగలంతా మగ్గాల చప్పుడుతో ఊగే వీధిలో ఇప్పుడు ఒక చివర పిల్ల ఏడిస్తే రెండో చివరకు వినిపిస్తోంది. గోపాలయ్య మగ్గం కూడా పడుగు లేక బోసిగా నిలబడింది. అటువంటి రోజుల్లో సుందరరామయ్య అనే మనిషి వచ్చాడు. సొంత ఊరు బందరు. కర్నూలులో ఫోటో స్టూడియో పెట్టుకున్నాడు. ఎవరో షావుకారు కోసం చీరల ఫోటోలు తియ్యడానికి వచ్చి, పెట్టె మోయడానికి గోపాలయ్యను పిలుచుకున్నాడు. పెట్టె మోసినవాడు పెట్టెలోకి తొంగి చూశాడు. చూసినవాడు ఇక దాన్ని వదల్లేదు. కర్నూలు వెళ్ళి వస్తూ పలక కడగడం, బొమ్మ తేల్చడం నేర్చుకున్నాడు. అతని తపన చూసి సుందరరామయ్య తన పాత కెమెరా ఇచ్చాడు, పలకలు కూడా తనే పంపిస్తానన్నాడు. కూలి కూడా కట్టిస్తానన్నాడు. రైలు కదులుతుండగా కిటికీలోంచి తల బయట పెట్టి చెప్పిన మాటలు ఇవీ: మనుషుల్ని తియ్యొద్దు, మనుషుల్ని తీసేవాళ్ళు ఊరికొకరున్నారు. మీ వైపు చలికాలం కావాలి నాకు, రోజూ చూసే చోట్లే తియ్యి. మబ్బులో తియ్యి, ఎండ వద్దు.

ఆ మరునాటి నుంచి గోపాలయ్య మొదటి కోడి కూయకముందే లేచి, కెమెరా భుజాన వేసుకుని పోవడం మొదలుపెట్టాడు. గురువు మాట గురువు మాటే.

మొదట్లో అలివేలుకు ఈ పని ఒక పిచ్చిలాగా తోచింది. మగ్గం ముందు కాళ్ళు దించుకునే గుంట మీద గొంగళ్ళు కప్పి, చుట్టూ మట్టితో మెత్తి, దాన్ని చీకటి గది చేశాడు మొగుడు. అందులో దిగి ఒళ్ళు ముడుచుకుని కూర్చుని, పళ్ళెంలో మందునీళ్ళు పోసి, గాజు పలకలు కడిగేవాడు. అతని తండ్రి, తాత కాళ్ళు ఆడించిన గుంట అది. అందులోంచి చీర బదులు మసి పట్టిన గాజు పైకి వస్తుంటే ఆమెకు ఏడవాలో నవ్వాలో తెలిసేది కాదు. ఏం తీశావంటే జొన్న కొయ్యకాళ్ళు అనేవాడు. ఎద్దు లేని మోటబావి అనేవాడు. బండి పోయిన బాట అనేవాడు. బండి కూడా కాదు, బాట.

కార్తీకంలో ఒకనాడు, కాగితం మీదికి ఎక్కించిన బొమ్మ ఒకటి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. అది వాళ్ళ వీధే. పడుగు సాగదీసి గంజి పట్టించడానికి వీధి పొడవునా పాతిన గుంజలు. నూలున్న రోజుల్లో తెల్లవారేసరికి ఆ గుంజల మీద రంగురంగుల దారాలు ఏరులాగా పారేవి. ఇప్పుడవి ఉత్త కట్టెలు. రోజూ నీళ్ళకు పోతూ వాటిని చూడలేక ఆమె తల తిప్పుకునేది. బొమ్మలో ఆ గుంజలే ఉన్నాయి. చుట్టూ మంచు. దగ్గరి గుంజ నల్లగా, దాని వెనకది బూడిద రంగులో, ఆ వెనకది ఉన్నదా లేదా అన్నట్టు, అలా ఒకదాని వెనక ఒకటి తెల్లదనంలోకి కరిగిపోతున్నాయి. ముందున్న గుంజకు ఎప్పటిదో తెగిన దారం ఒకటి వేలాడుతోంది. దాని పొడవునా మంచు చుక్కలు గుచ్చినట్టున్నాయి.

అలివేలు ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని నిలబడింది. ఇది మన వీధేనా అని అడిగింది. అవునన్నాడు. ఇంత బాగుంటుందా అని అడగబోయి ఊరుకుంది. చలికాలమంటే ఆమెకు మొదటి నుంచీ భయం. ముసలివాళ్ళు రాలిపోయే కాలం, పనులు లేక మగవాళ్ళు పరదేశం పోయే కాలం. ఆ కాలానికి ఇలాంటి ముఖం ఒకటి ఉందని ఆమెకు ఎవరూ చెప్పలేదు. మరునాడు నీళ్ళకు పోతూ గుంజల దగ్గర ఆగింది. తెగిన దారం నిజంగానే అక్కడ ఉంది. ఇన్ని రోజులుగా అక్కడే ఉంది.

అప్పటి నుంచి గోపాలయ్య తెచ్చిన ప్రతి బొమ్మనూ ఆమే గంజితో మగ్గం పక్క గోడకు అంటించేది. గంజి రుచికి బొద్దింకలు అంచులు కొరికేవి. అయినా గోడ నిండింది. పత్తి కట్టె పీకిన చేను, చెరకు గానుగ దగ్గర చల్లారిన పొయ్యి, మేకలు పోయిన తర్వాత మిగిలిన దొడ్డి.

అలివేలు తమ్ముడు అంజన్నకు ఈ గోడ మీద నవ్వులే నవ్వులు. అతనూ షోలాపూర్ మిల్లులోనే పనిచేసి, ఒంట్లో బాగాలేక అక్క దగ్గరికి వచ్చి ఉన్నాడు. తల్లి పోతూ పోతూ చేతిలో పెట్టిన తమ్ముడు. మళ్ళీ మిల్లుకు పోతానంటే ఆమె పోనివ్వడం లేదు. ఇక్కడే గంజి నీళ్ళు తాగి ఉందామంటుంది. బావ బొమ్మల్లో మనుషులు ఎందుకు లేరో తనకు తెలుసంటాడు అంజన్న. బావకు ఎదురు మాట్లాడనివే నచ్చుతాయట. ఒకసారి బావ బొమ్మ తీస్తుంటే కావాలని కెమెరా ముందు నుంచి అటూ ఇటూ నడిచాడు. చీకటి విడీ విడని వేళ కాబట్టి గోపాలయ్య కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచుతాడు, మనసులో మగ్గం మీద నాడె అటూ ఇటూ విసురుతూ ఆ లెక్కన మూస్తాడు. అంతసేపట్లో కదిలిపోయే మనిషి పలక మీద నిలవడు. బొమ్మలో బాట ఉంది, కంచె ఉంది, అంజన్న లేడు. ఇంత మనిషిని మింగిన పెట్టె ఇదంటూ నెల రోజులు వీధంతా చెప్పుకు తిరిగాడు.

ఇక మిగిలింది ఏరు.

బీచుపల్లి దగ్గర కృష్ణ నడుమ ఒక రాతి దిబ్బ ఉంది. చలికాలంలో నీళ్ళు తగ్గి రాళ్ళు బయటపడతాయి, వాటి మీద తెల్లవారుజామున మంచు పాలు పొంగినట్టు పొంగుతుందని గోపాలయ్యకు ఎవరో చెప్పారు. ఆ దిబ్బ మీద నిలబడి, ఏటి నడుమ నుంచి ఒడ్డును తియ్యాలని అతని పట్టుదల. అయితే ఆ నెల మొదట్లోనే మంచులో ఒక పుట్టి, గుండ్రటి బుట్ట పడవ, రాళ్ళకు కొట్టుకుని, వేరుశనగ బస్తాలతో పాటు ఒక మనిషి పోయాడు. అప్పటి నుంచి పుట్టి వాళ్ళు పొద్దు పొడవనిదే ఏట్లో దిగడం లేదు. గోపాలయ్య మాత్రం బాలస్వామి అనే పుట్టివాడితో మాట చేసుకున్నాడు.

పొద్దు పొడిచినాకనే దాటరాదా అని అలివేలు అడిగింది, సంచి మూతి కడుతూ. అంతవరకు మూసుకున్న నోరు అప్పుడు తెరిచింది.

"సారు మబ్బుల తియ్యమన్నడు," అన్నాడు గోపాలయ్య. "పొద్దు వొడిస్తే గది ఉత్త ఏరు. గంతే."

వేరుశనగ బండి ఇటిక్యాల దాకా పోతోంది. అతను సంచి, కెమెరా భుజాన తగిలించుకుని, మూడు కాళ్ళ స్టాండు చంకన పెట్టుకుని, బస్తాల మీద ఎక్కి కూర్చున్నాడు. బండి మలుపు తిరిగేదాకా అలివేలు చూసింది. తర్వాత లోపలికి వచ్చి, ఊడ్చిన ఇల్లే మళ్ళీ ఊడ్చింది.

మధ్యాహ్నం రైలుకు సుందరరామయ్య దిగాడు.

వస్తున్నట్టు కబురు లేదు. పంచె మీద కోటు, చేతిలో గొడుగు, దుమ్ము పట్టిన బూట్లు గుమ్మం దగ్గర విడిచి లోపలికి వచ్చి, గోపాలయ్య ఏడమ్మా అని అడిగాడు. బీచుపల్లి పోయిండని అంజన్న చెప్పి, చాప వేశాడు. అలివేలు మజ్జిగ కలిపి తెచ్చింది. ఆయన చాప మీద కూర్చోలేదు. గోడ చూశాడు. మజ్జిగ గ్లాసు చేతిలో అట్లాగే పట్టుకుని గోడ వెంట ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు, మళ్ళీ వెనక్కి నడిచాడు. తనకు గోపాలయ్య పంపినవి రెండో మూడో. వాటిని చూపిస్తే మద్రాసు ఎగ్జిబిషన్ వాళ్ళు మిగతావి కూడా తెమ్మన్నారు, అందుకే పరుగెత్తుకు వచ్చానన్నాడు. ఆ మాట చెప్పేటప్పుడు కూడా కళ్ళు గోడ మీదే ఉన్నాయి.

"ఈ వెలుతురు ఎలా పట్టాడమ్మా?" అన్నాడు చివరకు. "నేను పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ కెమెరా పట్టుకున్నవాణ్ణి. నాకు ఒక్కనాడు దొరకలేదిది."

"మీరు చెప్పినట్లనే తీసిండు సారు. మబ్బుల."

"అదే నాకు అర్థం కావడం లేదు. ఈ రెండు నెల్లూ కర్నూల్లో ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. ఒక్క మబ్బు తునక లేదు. ఇక్కడ అంత మబ్బు పట్టిందా?"

అలివేలుకు ఆయన ఏమంటున్నాడో తెలియలేదు. "మబ్బు లేకుండ ఎట్లుంటది సారు? రోజూ ఉంటది గదా."

"రోజూనా?"

"రోజూ. కోడి కూయకముందుకు."

సుందరరామయ్య ఆమె వైపు తిరిగాడు. కోడి కూయకముందు ఉండేది ఏమిటని అడిగాడు. మబ్బు, అంది ఆమె. చీకటా అని అడిగాడు. చీకటి కాదు, తెల్లారే ముందరి చీకటి, దాన్ని మబ్బు అనక ఏమంటారంది. ఆయన కిటికీలోంచి వేలు పైకి చూపించి, మబ్బంటే ఆకాశంలో పట్టే మబ్బు కదమ్మా, వాన మబ్బు, ఎండకు అడ్డం వచ్చేది అన్నాడు. దాన్ని మొగులు అంటరు సారు, అన్నాడు అంజన్న.

పైకి చూపిన వేలు మెల్లగా కిందికి దిగింది. తర్వాత సుందరరామయ్య నవ్వడం మొదలుపెట్టాడు. మజ్జిగ ఒలికి కోటు మీద పడింది. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వి, ఎండ నేరుగా పడకుండా మబ్బు పట్టిన పగటి పూట తియ్యమన్నానయ్యా, ఏ పన్నెండింటికో తియ్యొచ్చు, అన్నాడు.

"అయితే మా బావ చలికాలమంత వణికింది మీ తెలుగుకా సారు?" అన్నాడు అంజన్న. అతనికీ నవ్వు ఆగలేదు. "దగ్గు పట్టింది. మా అక్క మందుల కోసం దవాఖానకు తిరిగింది. మొగులు అంటే అయిపోవు గదా ఒక్క మాటల."

అలివేలు నవ్వలేదు. మాట ఆమెలో మెల్లగా దిగుతోంది, నూతిలో చేద దిగినట్టు. చేద అడుగుకు తగిలిన చప్పుడు ఆమెకు వినబడింది.

"అయితే మబ్బుల ఏరు దాటే పనే లేదా?" అంది.

లేదన్నాడు ఆయన, ఇంకా కళ్ళు తుడుచుకుంటూ. అని, ఏ ఏరు అని అడిగాడు. ఆమె చెప్పింది. రాతి దిబ్బ, పుట్టి, పోయిన మనిషి, అంతా చెప్పి, అంజన్న వైపు తిరిగి, ఇప్పుడు బయలుదేరితే మబ్బులకు ముందే బీచుపల్లి చేరతావా అని అడిగింది. అంజన్న తలపాగా కోసం వెతకసాగాడు.

"ఆగమ్మా," అన్నాడు సుందరరామయ్య.

ఆయన ముఖంలో నవ్వు లేదు. అప్పుడు చాప మీద కూర్చున్నాడు. నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పుకొచ్చాడు. మబ్బు పట్టిన పగళ్ళలో తీసిన బొమ్మలు తన దగ్గర బీరువా నిండా ఉన్నాయి. అందరి దగ్గరా ఉన్నాయి. ఈ గోడ మీదివి ఎవరి దగ్గరా లేవు. చీకటి పోయి వెలుగు రాని ఆ కాస్త సందును గోపాలయ్య పట్టాడు, అదీ పొరపాటున పట్టాడు. పొరపాటని తెలిసిన మరుక్షణం అతను రేపటి నుంచి పగలు తీస్తాడు, అందరిలా తీస్తాడు. ఎగ్జిబిషన్ కు ఏటి బొమ్మ ఒక్కటి కావాలి. ఆ ఒక్కటీ కానివ్వాలి. ఆ తర్వాత తనే వచ్చి చెబుతాడు, క్షమాపణ కూడా అడుగుతాడు.

"ఇప్పుడు మాత్రం చెప్పొద్దమ్మా," అన్నాడు. "ఒక్క రోజు ఆగు."

"ఏట్ల మునిగితే?"

"ఇన్నాళ్ళూ క్షేమంగానే వచ్చాడు కదా."

"ఇన్నాళ్లు చేన్లల్ల నిలబడ్డడు. చేను ముంచదు."

ఆయన ఏదో అనబోయాడు. అలివేలు అననివ్వలేదు. పరాయి మగవాడి ముందు అంత సేపు నిలబడి మాట్లాడడం ఆమె జన్మలో అదే మొదలు. కొంగు భుజం చుట్టూ బిగించి, గోడ వైపు చూస్తూ మాట్లాడింది.

"అవి బాగలేవని నేను అంట లేను సారు. మొదలు నాకు తెల్వకపోయె. ఇప్పుడు నాకు గూడ తెలుస్తుంది. నీళ్లకు పోతుంటె ఆగి చూస్తున్న. మీకంటె ఎక్కువనే చూసిన, నా వీధి గాబట్టి. కాని బొమ్మ గోడ మీదికి ఎక్కినంక ఆయన ఇంటికి రావాలె గదా. మీరు ఒకటి అన్నరు, ఆయన ఒకటి ఇన్నడు. నడిమిట్ల ఏరున్నది."

సుందరరామయ్య తల దించుకున్నాడు. చేతిలో గ్లాసు కింద పెట్టాడు. పంపించమ్మా అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కూడా ఆయన కళ్ళు ఒకసారి గుంజల బొమ్మ మీదికి పోయి వచ్చాయి. చెడ్డ మనిషి కాదు. కంటికి కనిపించిన దాని మీద ఆశ పుట్టిన మనిషి, అంతే. సాయంత్రం రైలుకు స్టేషన్ కు వెళ్ళిపోయాడు. పలకలు అడిగి తీసుకుపోదామని వచ్చినవాడు ఒక్క పలకా అడగలేదు.

బీచుపల్లికి తనే పోతానంది అలివేలు. అంజన్న ఒప్పుకోలేదు. రాత్రి బాట ఆడమనిషి నడవడమేంది, నేను లేనా అన్నాడు. తలపాగా చుట్టుకుని, కర్ర చేతిలోకి తీసుకుని, పోయి బావకు ఏమని చెప్పాలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పి చూపించాడు.

"బావా, మబ్బంటె మబ్బు గాదంట, మొగులంట. గిది చెప్తె బావ నన్నే ఏట్ల తోస్తడు అక్కా."

"ఏట్ల దిగకు," అంది ఆమె. "ఒడ్డు మీదనే ఆపు. ఆడ లేకుంటె వదలి పెట్టి రా, దాటకు."

"నేనా? మగ్గం గుంటల తప్ప ఏడ ఈదిన్నే నేను?" అన్నాడు. ఆమె భయం ఎగతాళి చేస్తే తగ్గుతుందని అతని నమ్మకం. చిన్నప్పటి నుంచీ అంతే.

అతనికి సంచి లేదు, మూట లేదు. రొట్టె కట్టిస్తా ఆగమంటే, పొద్దు పోతోంది, ఇటిక్యాలలో ఏదైనా తింటానన్నాడు. మొగుడికి అంత సర్దిన మనిషి తమ్ముణ్ణి ఒట్టి చేతులతో పంపింది. అతను గుంజల పక్క నుంచి పెద్ద అంగలు వేసుకుంటూ పోయాడు. ఎవరో పలకరిస్తే నిలబడి నవ్వించి మళ్ళీ నడిచాడు. ఆమె పోతున్నవాడి వీపును కాక, వీధి మొగ వైపే చూస్తూ ఉండిపోయింది. రేపు ఈపాటికి ఇద్దరూ ఆ మొగలోంచే వస్తారని తనకు తాను చెప్పుకుంది.

ఆ రాత్రి చలి విరుచుకు పడింది. తెల్లవారేసరికి వీధిలో మంచు ఎంత చిక్కగా ఉందంటే ఎదురింటి అరుగు కనిపించలేదు. ఇక్కడే ఇట్లా ఉంటే ఏటి మీద ఎట్లా ఉంటుందని ఆమె గడపలో నిలబడి ఆలోచించింది. పొయ్యి రాజేసింది. ఇద్దరికి జొన్న సంకటి వండింది. ముట్టుకోకుండా మూత పెట్టింది.

మధ్యాహ్నం దాటాక గోపాలయ్య వచ్చాడు.

ఒక్కడే వచ్చాడు. దగ్గు కొంచెం పెరిగింది కానీ ముఖం వెలుగుతోంది. సంచి దింపి, పలకలు పగల్లేదు, నీ రొట్టెలు కాపాడినయి అన్నాడు. అడగకుండానే చెప్పుకుంటూ పోయాడు. బాలస్వామి మాట తప్పాడట. మంచు చూసి, దేవుడు దిగి వచ్చినా పొద్దు పొడిచేదాకా పుట్టి దించనన్నాడట. ఎంత బతిమాలినా వినలేదట. సరే అని తను కెమెరా ఎత్తుకుని రేవు విడిచి, ఒడ్డు వెంట చీకట్లో పై వైపుకు చాలా దూరం నడిచి, అక్కడ ఒక బండ మీద నుంచి తీశాడట. దిబ్బ మీదికి పోలేకపోయినా ఇంత మంచి బొమ్మ దొరుకుతుందని అనుకోలేదట. ఒడ్డున బోర్లించిన పుట్టి, దాని వీపు మీద మంచు, వెనక ఏరు ఉన్నట్టు కూడా తెలియదు, ఉత్త తెల్లదనం.

అలివేలు అతని వెనక గుమ్మం వైపు చూస్తోంది.

"అంజన్న ఏడి?"

"అంజన్నా?" అన్నాడు గోపాలయ్య. "ఇంట్ల లేడా?"

నీకోసమే వచ్చిండు, నిన్న పొద్దుగూకక ముందే బయలెల్లిండు అంది ఆమె. గోపాలయ్య చేతిలో పలక చట్రం అట్లాగే ఆగిపోయింది. తనకు కనిపించలేదన్నాడు. తను రేవు నుంచి పై వైపుకు నడిచినప్పుడు ఇంకా బాగా చీకటిగానే ఉంది. తిరిగి రేవుకు వచ్చేసరికి పొద్దెక్కింది. అప్పుడక్కడ ఎవరూ లేరు, పుట్టి వాళ్ళు తప్ప. వాళ్ళు ఏదో పంచాయితీలో ఉన్నారు.

"ఏం పంచాయితీ?"

అతను పలక చట్రాన్ని కింద పెట్టి చెప్పాడు. రాత్రి కట్టేసిన పుట్లలో ఒకటి తెల్లారేసరికి లేదట. తాడు తెగలేదు, ఎవరో ముడి విప్పారట. మీ వాడే విప్పి ఎత్తుకుపోయిండని బాలస్వామి గుడిసెలో పడుకున్న వాళ్ళు ఒకరినొకరు తిట్టుకుంటున్నారట. వాళ్ళలో ఒకడు మాత్రం, మబ్బుల ఎవడో ఒడ్డు మీద నిలబడి బావా, బావా అని ఏట్లోకి పిలుస్తుంటే నిద్రలో విన్నానని అన్నాడట. గోపాలయ్య అదంతా నవ్వులాటకు చెబుతున్నారనుకున్నాడు.

అలివేలు గోడకు ఆనుకుని, మెల్లగా కూర్చుంది. గోపాలయ్యకు అర్థం కావడం అప్పుడే మొదలైంది. బావ దిబ్బ మీద ఉన్నాడనుకుని పిలిచినవాడు, జవాబు రాకపోతే ఏం చేస్తాడో అతను లోపలే లెక్క కట్టుకుంటున్నాడు. ఆ లెక్క పూర్తి కాకముందే అతని నోట ప్రశ్న వచ్చింది.

"ఎందుకు పంపినవే వాణ్ణి? ఏం చెప్పి రమ్మని పంపినవ్?"

ఆమె నోరు తెరిచింది. చెప్పాల్సింది ఒక్క మాట. ఆ ఒక్క మాట ఎట్లా చెప్పాలో ఆమెకు తోచలేదు.

ఇటిక్యాల నుంచి, పెబ్బేరు నుంచి మనుషులు వచ్చి వనపర్తి వైపు ఒడ్డు కూడా వెతికారు. పుట్టి దొరికింది. అంజన్న ఆ రోజు తిరిగి రాలేదు, ఆ తర్వాత ఎన్నడూ రాలేదు. అది 1944వ సంవత్సరం జనవరి, పుష్య బహుళంలో ఒక గురువారం.